అంతర్జాల వ్యాపారపు దొంగదళారులు: రైతు సోదరులు గుర్తించు విధము, చేయవలసిన పని

పంట యింటికి వచ్చిన దినములలో రైతు చేతికి ఒక్కపెట్టున పైకము వచ్చును. ప్రత్తి అమ్మిన సొమ్ము, మిరప అమ్మిన సొమ్ము, ధాన్యపు సొమ్ము బ్యాంకు ఖాతాలో జమయగును. అది చూచుటకు పెద్ద మొత్తమే గాని, అందు ప్రతి రూపాయికిని ముందే పని నిర్ణయమై యుండును. మఱుసటి పంటకు పెట్టుబడి, పిల్లల చదువు, ఆడబిడ్డ పెండ్లి, సంఘపు బాకీ, అన్నియు దానిలోనుండియే జరుగవలెను.

అట్టి పైకమును కాజేయుటకు పూర్వము దళారి సంతకు వచ్చెడివాడు. తూనికలో కొంత, తరుగులో కొంత, ధరలో కొంత లాగుకొనెడివాడు. మన పెద్దలు సహకార సంఘములను స్థాపించినది వాని పట్టు సడలించుటకే. నేడు వానిని మించిన దళారి బయలుదేఱినాడు. వాడు సంతకు రాడు. వాని అంగడి యెచ్చటనున్నదో ఎవరికిని తెలియదు. వాడు చెప్పు పేరు వాని పేరు కాదు. రైతు జేబులోని ఫోనే వానికి అంగడి. షేర్ల వ్యాపారమనియు, విదేశ ద్రవ్యపు వ్యాపారమనియు, బంగారము, చమురు ధరల మీద లాభమనియు చెప్పి, ఒక యాపును ఫోనులో పెట్టించి, కొలది వారములలో ఇల్లు గుల్లచేసి పోవును. ఈ మోసము నడచు తీరు, దానిని కనిపెట్టు గుర్తులు, ఒకవేళ మోసపోయినచో ఆ గంటలోనే చేయవలసిన పని సభ్యులకు తెలియజేయుటకే యీ వ్యాసము.

పాత జూదమునకు క్రొత్త వేషము

ధర మీద పందెము వేయుట క్రొత్త విద్య కాదు. ఒకప్పుడు కలకత్తాలో వాన మీదనే పందెములు సాగెడివి. వాన కురియునా, కురియదా యని జనులు పైకము ఒడ్డెడివారు. ఆ వ్యసనము ముదిరినందున 1897వ సంవత్సరమున వంగ ప్రభుత్వము వాన జూదమును నిషేధించుచు ఒక చట్టమునే చేయవలసి వచ్చెను. దుక్కి దున్ని ఆకసము వంక చూచు రైతునకు ఇది వింతగా దోచవచ్చును గాని, వానకును ఆ పందెగాండ్రకును గల సంబంధమెంతయో, నేటి మాయ యాపులకును నిజమైన వ్యాపారమునకును గల సంబంధమంతయే.

అమెరికా దేశమున గత శతాబ్దికి ముందు శతాబ్ది చివరి దినములలో ‘బకెట్ షాపులు’ అను అంగళ్లు వెలసినవి. చికాగో ధాన్యపు మార్కెట్టు ధరలు తంతి మూలమున ఆ అంగళ్లకు క్షణక్షణము అందుచుండెడివి. చిన్న జీతగాండ్రు, చిన్న వర్తకులు, వ్యవసాయదారులు అచ్చటికి పోయి, గోధుమ ధర హెచ్చునని గాని తగ్గునని గాని పైకము కట్టెడివారు. అంగడివాడు చీటి వ్రాసి యిచ్చెడివాడు గాని ఆ బేరము మార్కెట్టునకు పోయెడిది కాదు. ఒక్క బస్తా గోధుమయైనను కొనబడెడిది కాదు. కట్టినవాడు పోగొట్టుకొన్నదంతయు అంగడివానికి లాభము. కట్టినవారందఱు ఒక్కమారుగ గెలిచినచో తలుపు మూసి పరారియగుటయే వాని యుపాయము. 1905వ సంవత్సరమున ఆ దేశపు సుప్రీము కోర్టు, చికాగో మార్కెట్టువారికి తమ ధరల సమాచారము ఇట్టి అంగళ్లకు అందకుండ చేసికొను హక్కు కలదని తీర్పు చెప్పిన తరువాత వాని బలము తగ్గజొచ్చెను.

మన దేశమున దీనికే ‘డబ్బా వ్యాపారము’ అని పేరు. గుర్తింపు పొందిన మార్కెట్టునకు వెలుపల, లెక్క లేక, రసీదు లేక, షేర్ల ధరల మీద సాగు ఈ బేరము 1956 నాటి సెక్యూరిటీ ఒప్పందముల నియంత్రణ చట్టము ననుసరించి నేరము. ఫోనులో కనబడు మాయ యాపు ఈ డబ్బాకు తమ్ముడు. డబ్బావాడు కనీసము ధరలనైనను నిజమైన మార్కెట్టునుండి ఎరువు తెచ్చెడివాడు. యాపువానికి ఆ శ్రమయును లేదు. తెరమీది అంకెలను తానే వ్రాసికొనును.

మోసము నడచు మెట్లు

ఒక ఉదాహరణము చెప్పుదము. ఇందలి రైతు కల్పితుడే గాని, ఇందలి మెట్లు మాత్రము ఇట్టి మోసములలో మరల మరల కనబడునవే.

ప్రత్తి అమ్మిన ఒక రైతు ఖాతాలో నాలుగు లక్షల రూపాయలున్నవి. ఒకనాడు ఎవరో అతనిని అడుగకయే ఒక వాట్సాపు బృందములో చేర్చిరి. అందు వందమంది యున్నట్లు కనబడును. ‘గురువుగారు’ అని యొకడు ప్రతిదినము షేర్ల పాఠము చెప్పును. తక్కినవారు ‘నేడు నాకు ఇరువది వేలు వచ్చినవి’, ‘గురువుగారి దయ’ అని రసీదుల బొమ్మలు పెట్టుదురు. ఆ వందమందిలో పెక్కురు ఒకే ముఠావారనియు, ఆ బొమ్మలు తయారుచేసినవనియు రైతునకు తెలియదు. మొదటి వారము ఎవరును పైకము అడుగరు. నమ్మకము నాటుటకు ఆ వారము చాలును.

తరువాత ఒక లింకు వచ్చును. దాని ద్వారా యాపు ఫోనులోనికి దిగును. రైతు పరీక్షార్థము 10,000 రూపాయలు పంపును. అయిదు దినములలో తెరమీద 13,000 కనబడును. 3,000 తీసికొందునన్నచో నిజముగనే ఆ మొత్తము బ్యాంకు ఖాతాలో పడును. ఈ మూడు వేలును లాభము కాదు, గాలమునకు గ్రుచ్చిన ఎఱ. రైతు ఖాతాలోనుండి 2,00,000 తీసి, ఇంటిలోని నగలు కుదువపెట్టి మఱియొక 1,50,000 తెచ్చి, మొత్తము పంపును. తెరమీద 11,00,000 కనబడును. ఇల్లంతయు సంతోషము.

అప్పుడు అయిదు లక్షలు తీసికొందునని అడుగును. ఫోనులో ఒక స్త్రీ మర్యాదగా చెప్పును: ‘అన్నగారూ, మీ లాభం మీద ముప్పై శాతం పన్ను ముందుగా కట్టాలండీ. కట్టిన గంటలో మొత్తం మీ ఖాతాలో పడుతుంది.’ తెరమీది లాభము 7,40,000 గనుక దాని మీద పన్ను 2,22,000. పదునొకండు లక్షల కొఱకు రెండు లక్షల యిరువది రెండు వేలు పెద్ద మాటయా యని రైతు బంధువులయొద్ద చేబదులు తెచ్చి కట్టును. మఱునాడు తనిఖీ రుసుమని ఇంకొకటి. అది కట్టలేనన్నచో, కేసు పెట్టుదుమని బెదిరింపు. వారము తిరుగకముందే బృందము మాయము, యాపు మూత, ఫోను మూగ. తెరమీద పదునొకండు లక్షలు చూచిన ఆ కుటుంబము, చేతికి వచ్చిన మూడు వేలు పోగా, నిజముగ పోగొట్టుకొన్నది 5,79,000 రూపాయలు. నగలు కుదువలో నున్నవి, బంధువుల బాకీ నిలిచియున్నది, మఱుసటి పంటకు విత్తనమునకు చేతిలో మిగిలినది సరిపోదు.

ఒక చిన్న లెక్క

మోసగాని మాటలకు మాటలతో జవాబు చెప్పుట కష్టము. లెక్కతో చెప్పుట సులభము. ‘దినమునకు అయిదు శాతము లాభము నిశ్చయము’ అని వాడనును. పదివేల రూపాయలకు దినమునకు అయిదు శాతము చొప్పున, వచ్చినది కలుపుకొనుచు పోయినచో, 100 దినములకు సుమారు 13 లక్షలగును. 200 దినములకు సుమారు 17 కోట్లగును. ఏడు నెలలు నిండకముందే పదివేలను పదిహేడు కోట్లు చేయగల విద్య యెవనియొద్ద నున్నదో, వానికి మన ప్రత్తి సొమ్ముతో పనియేమి? తన పదివేలతో తానే కోటీశ్వరుడు కాడేల? ఈ యొక్క ప్రశ్న ఇంటిలో బిగ్గరగా అడిగినచో పెక్కు మోసములు గడప దాటి రాజాలవు.

న్యాయమైన మార్కెట్టులో సంగతి యెట్లున్నదో చూడుడు. షేర్ల మార్కెట్టును పర్యవేక్షించు సంస్థ సెబీ. ఇది 1988లో ఏర్పడి, 1992లో చట్టబద్ధమైన అధికారములు పొందినది. ఆ సంస్థవారు 2024 సెప్టెంబరులో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2021-22 మొదలు 2023-24 వఱకు మూడు సంవత్సరములలో, ఫ్యూచర్లు, ఆప్షన్లు అను బేరములు చేసిన కోటిమందికి పైబడిన వ్యక్తులలో 93 శాతము మంది నష్టపోయిరి. ఖర్చులు కలిపి తలకు సగటున సుమారు రెండు లక్షల రూపాయల నష్టము. ఇది చట్టమునకు లోబడి, లెక్కలున్న మార్కెట్టులో జరిగిన సంగతి. అట్టిచో నష్టమే లేదని హామీ యిచ్చువాడు అసత్యమాడుచున్నాడని వేఱుగ ఋజువు చేయ బనిలేదు. సెబీ నమోదు పొందిన బ్రోకరుగాని, సలహాదారుగాని, నిశ్చయమైన లాభమని హామీ యీయగూడదు.

విదేశ ద్రవ్యపు ఉచ్చు

ఇంకొక విధమైన దళారి ‘ఫారెక్సు’ అను పేర వచ్చును. డాలరు, పౌను, యెన్ ధరల హెచ్చుతగ్గుల మీద బేరమని చెప్పును. ఇట్టి సంస్థలు పెక్కు దూరదేశములలోని చిన్న ద్వీపములలో పేరు నమోదు చేసికొనును. సెయింట్ విన్సెంట్ అను ద్వీపదేశపు ఆర్థికాధికారులే తాము ఫారెక్సు దళారులకు లైసెన్సు ఇచ్చుట లేదని ప్రకటించియున్నారు. అయినను ఆ దేశపు నమోదు కాగితమును చూపి ‘మాకు అంతర్జాతీయ అనుమతి గలదు’ అని నమ్మించువారు కలరు. కంపెనీ పేరు నమోదగుట వేఱు, పరుల సొమ్ముతో వ్యాపారము చేయు అనుమతి వేఱు. ఒక గ్రామమున ఇంటి నంబరు వచ్చినంత మాత్రమున అది బ్యాంకు కాదు గదా.

వీరి ముఖ్యమైన ఆకర్షణ ‘రెట్టింపు బలము’. ‘మీరు పదివేలు పెట్టుడు, అయిదువందల రెట్లు బేరము చేయనిత్తుము’ అందురు. అనగా పదివేల మీద 50 లక్షల బేరము. ధర నూటికి 20 పైసలు ఎదురు తిరిగినచో, 50 లక్షల మీద నష్టము సరిగ్గా 10,000. మన మూలధనము మొత్తము పోయినది. ద్రవ్యముల ధరలు అంత మాత్రము కదలుట దినదినమును జరుగు సంగతి. ఐరోపా సమాజపు మార్కెట్టు అధికారులు 2018లో ఇట్టి బేరములను పరిశీలించి, చిన్న మదుపరుల ఖాతాలలో 74 మొదలు 89 శాతము వఱకు నష్టపోవుచున్నవని తేల్చి, ముఖ్యద్రవ్యముల మీద 30 రెట్లకు మించి ఈయరాదని కట్టడి చేసిరి.

మన దేశమున 1999 నాటి విదేశమారక ద్రవ్య నిర్వహణ చట్టము (ఫెమా) ప్రకారము, అనుమతి పొందినవారితోనే, అనుమతించిన పనులకే విదేశ ద్రవ్యపు లావాదేవీలు జరుపవలెను. రిజర్వు బ్యాంకువారు 2022 సెప్టెంబరు 7వ తేదీన, అనుమతి లేని ఫారెక్సు వేదికల హెచ్చరిక జాబితాను 34 పేరులతో ప్రకటించిరి. తరువాత దానికి పేరులు చేర్చుచు వచ్చిరి. ఇచ్చట రెండు సంగతులు మఱువరాదు. మొదటిది, జాబితాలో పేరు లేనంత మాత్రమున అనుమతి యున్నట్లు కాదు. ఈ మాట రిజర్వు బ్యాంకువారే స్పష్టముగ చెప్పిరి. రెండవది, అనుమతి లేని వేదికలో బేరమాడిన వ్యక్తియు ఆ చట్టమునకు గుఱి కాగలడు. మోసగాడు మన సొమ్ము తీసికొనుటయే కాక మనలను తప్పుచేసినవారి వరుసలో నిలబెట్టుచున్నాడన్నమాట.

తెలుగున మాటలాడినంతనే నమ్మరాదు

‘ఆయన మన భాషలోనే మాటలాడెను, మన జిల్లా యాసయే’ అని కొందఱు చెప్పుదురు. ఇది నమ్మకమునకు ఆధారము కాదు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు ఒక ఘోరమైన సంగతి బయటపెట్టిరి. ఉద్యోగములని ఆశపెట్టి ఆ ప్రాంతపు యువకులను కంబోడియా దేశమునకు పంపి, అచ్చట నిర్బంధించి, వారిచేత స్వదేశీయుల మీదనే అంతర్జాల మోసములు చేయించుచుండిరి. కావున తీయగా పలుకరించు ఆ తెలుగు గొంతు వెనుక మఱియొక మోసపోయిన తెలుగు కుటుంబపు బిడ్డ యుండవచ్చును. విదేశములలో ‘కంప్యూటరు ఉద్యోగము’ అని ఏజెంట్లు పిలిచినప్పుడు, గ్రామములోని యువకులు పూర్తిగా విచారింపక పోరాదు. ఈ మోసము రెండు వైపుల నుండియు మన పల్లెలను తినుచున్నది.

కనిపెట్టు గుర్తులు

ఈ క్రింది గుర్తులలో ఒక్కటి కనబడినను పైకము పంపరాదు.

1. నమోదు సంఖ్య. షేర్ల బ్రోకరునకు సెబీవారిచ్చిన నమోదు సంఖ్య ‘ఐఎన్‌జెడ్’ అను అక్షరములతోను, సలహాదారునకు ‘ఐఎన్‌ఏ’ తోను, పరిశోధక విశ్లేషకునకు ‘ఐఎన్‌హెచ్’ తోను మొదలగును. సంఖ్య చూపినంతనే నమ్మరాదు. నిజమైన బ్రోకరు సంఖ్యను దొంగిలించి వాడుకొనుట పరిపాటి. సెబీవారి వెబ్‌సైటులోని జాబితాలో ఆ సంఖ్యకు ఎదురుగ నున్న పేరు, ఫోను, చిరునామా మనకు చెప్పినవానితో సరిపోవునేమో చూడవలెను. మోసగాడిచ్చిన ఫోను నంబరునకు కాక, జాబితాలోని నంబరునకు ఫోను చేసి విచారింపవలెను.

2. పైకము పోవు ఖాతా. నిజమైన బ్రోకరునకు పంపు పైకము ఆ సంస్థ పేరున నున్న ఖాతాకే పోవును. ఎవరో వ్యక్తి పేరునకు గాని, ఏదో కిరాణా, ఏదో ట్రేడర్సు పేరునకు గాని, దినమునకొక క్రొత్త ఖాతాకు గాని పంపుమన్నచో అది నిస్సంశయముగ మోసము. 2025 అక్టోబరు 1వ తేదీ నుండి సెబీ నమోదుగల బ్రోకర్లకును, మ్యూచువల్ ఫండ్లకును ప్రత్యేకమైన యూపీఐ చిరునామాలు ఏర్పడినవి. అందు ‘@’ గుర్తు తరువాత ‘వాలిడ్’ అను మాటయు దానికి చేరి బ్యాంకు పేరును ఉండును. చెల్లించునపుడు పచ్చని త్రికోణములో బొటనవ్రేలు ఎత్తిన గుర్తు కనబడును. ఆ ఖాతా నిజమైనదో కాదో ‘సెబీ చెక్’ అను సాధనమున పరీక్షింపవచ్చును.

3. డీమ్యాట్ ఖాతా. కొన్న షేర్లు బ్రోకరు యాపులో మాత్రమే కాక, ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ అను డిపాజిటరీ సంస్థల లెక్కలలోను ఉండవలెను. ఆ సంస్థలనుండి మనకు నేరుగ వచ్చు వివరణలో ఆ షేర్లు లేనిచో, అవి లోకములో ఎచ్చటను లేవు.

4. తీసికొనుటకు ముందు కట్టుమనుట. సొంత సొమ్ము తీసికొనుటకు పన్నని, రుసుమని, ధరావతు అని ముందుగ పైకము కట్టుమనుట మోసమునకు ముద్ర వంటిది. ఆదాయపు పన్ను ప్రభుత్వమునకు మన పాను సంఖ్య మీద మనము చెల్లింపవలసినది గాని, వాట్సాపులోని మనుష్యుని ఖాతాకు పంపునది కాదు.

5. ‘పెద్ద సంస్థల ఖాతా’ అను మాట. విదేశీ సంస్థల ఖాతా ద్వారా తక్కువ ధరకు షేర్లు, ఐపీఓలో నిశ్చయముగ కేటాయింపు, డీమ్యాట్ అక్కఱలేదు అనువారిని నమ్మవలదని సెబీవారు 2024 ఫిబ్రవరిలో హెచ్చరించియున్నారు. సామాన్య మదుపరునకు ఆ మార్గము లేదు.

6. లింకు మూలమున వచ్చు యాపు. సందేశములో వచ్చిన ఫైలును ఫోనులో ఎక్కింపరాదు. ఫోను తెరను చూపుమన్నను, ఓటీపీ చెప్పుమన్నను, వెంటనే మాట ఆపవలెను.

7. తొందర, గోప్యము. ‘ఈ సాయంత్రము లోపల’, ‘ఇంటివారికి చెప్పవద్దు’, ‘బ్యాంకువారు అడిగినచో వేఱు కారణము చెప్పుడు’ అనునవి మూడును దొంగమాటలు. న్యాయమైన వ్యాపారమునకు భార్యకు గాని, బ్యాంకునకు గాని దాచవలసిన పనియుండదు.

ధర భయమునకు న్యాయమైన మార్గము లేకపోలేదు. 2003లో ఆరంభమైన ఎన్‌సీడీఈఎక్స్ వ్యవసాయ సరకుల మార్కెట్టులో పసుపు ఒప్పందములకు మన నిజామాబాదు ఆధారకేంద్రము. 2015 సెప్టెంబరు నుండి సరకుల మార్కెట్టులు సెబీ పర్యవేక్షణలోనికి వచ్చినవి. అచ్చట బేరము వెనుక గిడ్డంగి యున్నది, నాణ్యత పరీక్ష యున్నది, సరకు అప్పగింత యున్నది. నష్టభయము అచ్చటను కలదు. కాని దోపిడికిని వ్యాపారపు నష్టమునకును భేదము కలదు.

మోసపోయినచో గంట కూడ గడపరాదు

మోసమని అనుమానము కలిగిన క్షణముననే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఇది దేశమంతటికిని ఏర్పఱచిన సైబరు ఆర్థిక మోసముల ఫిర్యాదు సంఖ్య. ఈ ఏర్పాటు 2021లో ఆరంభమైనది. ఇందలి కిటుకు తెలిసికొనదగినది. మన ఖాతానుండి పోయిన సొమ్ము మోసగాని చేతికి నేరుగ పోదు. మొదట ఒక అద్దె ఖాతాలో పడి, అచ్చటనుండి రెండవదానికి, మూడవదానికి మారి, చివరకు నగదుగానో, క్రిప్టో నాణెములుగానో మాయమగును. ఫిర్యాదు అందగానే ఆ వరుసలోని బ్యాంకులకు వార్త పోయి, ఏ ఖాతాలో ఎంత మిగిలియున్నదో అంతయు నిలిపివేయబడును. మొదటి గంటలో చెప్పినవానికి మిగులు ఆశ, మూడవనాడు చెప్పినవానికి లేదు. పంటకు పడిన తెగులు వంటిదే ఇది. ఒక మడిలో నున్నప్పుడు మందు చల్లవలెను గాని చేనంతయు వ్యాపించిన పిమ్మట కాదు.

ఫోను చేయునప్పుడు చేతిలో నుండవలసినవి: పైకము పోయిన తేదీ, వేళ, మొత్తము, మన బ్యాంకు ఖాతా, పోయిన ఖాతా లేక యూపీఐ చిరునామా, ప్రతి చెల్లింపునకు బ్యాంకువారిచ్చిన యూటీఆర్ సంఖ్య. అదే సమయమున మన బ్యాంకునకును తెలుపవలెను. పిదప ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను జాతీయ పోర్టలులో 24 గంటలలోపల పూర్తి ఫిర్యాదు నమోదు చేసి, ఆ సంఖ్యను వ్రాసియుంచుకొనవలెను.

కోపముతో యాపును, సందేశములను చెఱిపివేయువారు కలరు. అది సాక్ష్యమును తగులబెట్టుటయే. ముందుగ వాట్సాపు సందేశములు, ఫోను నంబర్లు, యాపు తెరలు, రసీదులు అన్నిటికిని బొమ్మలు తీసి భద్రపఱచి, తరువాతనే యాపును తీసివేసి, బ్యాంకు పిన్నులు మార్చవలెను. పోలీసు ఠాణాలో వ్రాతపూర్వకముగ ఫిర్యాదు ఈయవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో మోసము 318వ సెక్షను క్రింద నేరము. కంప్యూటరు సాధనములతో వేషము మార్చి మోసగించుట 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 66డీ సెక్షను క్రింద నేరము. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినదను భేదము లేక ఫిర్యాదు స్వీకరింపవలసినదే. నిలిపివేయబడిన సొమ్ము కోర్టు ఉత్తరువు మీద తిరిగి వచ్చును. తెలంగాణలో 2024లో లోక్ అదాలతుల మూలముగ ఇట్లు పలువురకు సొమ్ము తిరిగి ఇప్పించిరి.

ఏ ఫిర్యాదు ఎవరికను భేదము తెలిసియుండవలెను. సెబీ నమోదుగల నిజమైన బ్రోకరు మీద ఫిర్యాదైనచో సెబీవారి ‘స్కోర్స్’ పోర్టలునకు పంపవలెను. నమోదే లేని దొంగ సంస్థ మీదనైనచో పోలీసులకే. అనుమతి లేక డిపాజిట్లు వసూలు చేయువారిని గుఱించి రిజర్వు బ్యాంకువారి ‘సచేత్’ పోర్టలున తెలుపవచ్చును.

ఇంకొక హెచ్చరిక. సొమ్ము పోయిన కొన్ని దినములకు, ‘మీ సొమ్ము రాబట్టెదము, ముందుగ రుసుము కట్టుడు’ అని వకీలు పేరనో, అధికారి పేరనో ఫోను వచ్చును. తఱచు అది అదే ముఠా చేయు రెండవ దోపిడి. మోసపోయినవారి జాబితా వారియొద్దనే యున్నది గదా. 1930 ఫిర్యాదునకు రుసుము లేదు.

ఖాతా అద్దెకిచ్చుట

పై మోసమంతయు అద్దె ఖాతాలు లేనిదే నడువదు. ‘మీ పాసుబుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చినచో నెలకింత ఇత్తుము’ అని పల్లెలలో తిరుగువారు కలరు. అక్కఱలోనున్న కూలివారు, చదువుకొను పిల్లలు ఆశపడి యిచ్చుచున్నారు. ఎచ్చటనో ఒక రైతు నగలు కుదువపెట్టి పంపిన సొమ్ము ఆ ఖాతాలోనే పడును. పోలీసులు మొదట తలుపు తట్టునది మోసగాని యింటికి కాదు, ఖాతాదారుని యింటికి. ఖాతా నిలిచిపోవును, అందు తన సొంత సొమ్మున్నను తీయరాదు, కేసులో ముద్దాయి పేరు తనదగును. బ్యాంకు ఖాతా ఇంటి తాళపుచెవి వంటిది. దానిని అద్దెకిచ్చువాడు తన యిల్లే కాక పొరుగిల్లును దోచుకొనుటకు తోడ్పడుచున్నాడు.

సంఘముల విధి

ఈ విషయమున మన పరపతి సంఘములు ఊరకుండుట తగదు. సంఘమిచ్చిన పంట ఋణము పొలములోనికి పోక యాపులోనికి పోయినచో, గడువునకు బాకీ తీరదు. గడువు తప్పినచో సకాలపు చెల్లింపునకు లభించు మూడు శాతము వడ్డీ రాయితీ పోవును. బాకీలు పేరుకొన్న సంఘము మఱుసటి సంవత్సరము న్యాయముగ చెల్లించు సభ్యులకును ఋణమీయజాలదు. కావున ఒక సభ్యుని మోసము అతని యింటితో ఆగదు.

ప్రతి సంఘపు నోటీసు బోర్డు మీదను 1930 అను సంఖ్య పెద్ద అక్షరములతో వ్రాయించి యుంచుడు. పంట సొమ్ము చేతికి వచ్చు మాసములలో, సర్వసభ్య సమావేశమున, ఈ వ్యాసములోని ఏడు గుర్తులను కార్యదర్శి చదివి వినిపింపవలెను. అక్షరములు రానివారికిని, వృద్ధులకును, ముఖ్యముగ ఇంటి ఆడువారికిని ఇవి తెలియవలెను, ఏలయన నగలు కుదువకు పోవునపుడు ‘ఎందులకు’ అని అడుగగలవారు వారే. సామాన్య సేవా కేంద్రములుగ పనిచేయు సంఘములలో కంప్యూటరును, దాని నెఱిగిన గుమాస్తాయు నున్నారు. మోసపోయిన సభ్యునకు పోర్టలులో ఫిర్యాదు వ్రాసిపెట్టుట ఆ కేంద్రమునకు అరగంట పని, ఆ కుటుంబమునకు సంవత్సరపు బ్రదుకు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. మోసపోయిన వానిని పరిహసింపరాదు. ‘చదువుకొన్నవాడవై యుండి ఇట్లేల చేసితివి’ అను మాటకు జంకియే పెక్కుమంది మూడు దినములు నోరు మెదపక, రాగల సొమ్మును కూడ పోగొట్టుకొనుచున్నారు. బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వైద్యులు సయితము ఈ ఉచ్చున పడిరి. ఊరివారి నవ్వునకు వెఱచి ఎవరైన ప్రాణముల మీదికి తెచ్చికొన్నచో, ఆ పాపములో మోసగానికి మాత్రమే కాక నవ్వినవారికిని పాలు గలదు. పోయిన సొమ్ము మరల సంపాదింపవచ్చును, మనిషిని సంపాదింపలేము.

సోదరులారా, ఒంటరి రైతును దళారి దోచుకొనగలడని తెలిసియే మనము సంఘముగ చేరితిమి. నేటి దళారియు ఒంటరి మనుష్యునే వెదకును. రాత్రివేళ, ఒక్కడే ఫోను చూచుకొను వానినే పట్టును. కావున పైకము పంపుటకు ముందు ఒక్క దినమాగి, ఇంటివారితో ఒక మాట, సంఘపు కార్యదర్శితో ఒక మాట చెప్పుడు. న్యాయమైన బేరము ఒక్క దినపు ఆలస్యమునకు చెడిపోదు. దొంగబేరము మాత్రము ఆ ఒక్క దినమును ఓర్వజాలదు.